మీరు మర్చిపోయినవి మాకు గుర్తున్నాయి: సైన్స్ ఫిక్షన్ సీరియళ్లు రాసేవారికి, తీసేవారికి ఒక బహిరంగ లేఖ

సైన్స్ ఫిక్షన్ సీరియళ్లు రాసే రచయితలకు, తీసే నిర్మాతలకు, మా ఇళ్లకు చేర్చే ఛానెళ్లకు, ఓటీటీ సంస్థలకు, వాటిని తెలుగులోకి డబ్బింగ్ చేసేవారికి,

నమస్కారం.

నేను ఇంటర్మీడియట్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మీతో నా పరిచయం అంతకన్నా పాతది. దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున 'స్టార్ ట్రెక్' వచ్చే రోజుల్లో మా వీధిలో టీవీ ఉన్నది ఒక్క పోస్టుమాస్టరు గారింట్లోనే. వాళ్ల గుమ్మం పక్కన చాప మీద కూర్చుని చూసేదాన్ని. ఇంగ్లిష్ పది మాటల్లో రెండే తెలిసేవి. అయినా తెర మీద ఆ అంతరిక్ష ఓడ కదిలితే చాలు, ఒళ్లు పులకరించేది. పదో తరగతి అయ్యాక ఎంపీసీ తీసుకుంటానని ఇంట్లో పట్టుబట్టడానికి కారణం ఆ ఆదివారాలే. కాబట్టి ఈ ఉత్తరాన్ని తప్పులు పట్టుకోవడానికి కాచుకుని కూర్చున్న మనిషి రాసిందిగా చదవకండి. మీకు రుణపడిన మనిషి రాసిందిగా చదవండి.

పోయిన ఏడాది గురుత్వాకర్షణ పాఠం చెబుతుండగా ఒకమ్మాయి లేచి, "మేడమ్, చంద్రుడి బరువు పెరిగితే అక్కడ మనం భూమ్మీద నడిచినట్టే నడవొచ్చా?" అని అడిగింది. ఎక్కడ విన్నావమ్మా అంటే, ఫోన్‌లో 'డాక్టర్ హూ' చూశానంది. ఆ ఎపిసోడ్ నాకు తెలుసు. 2014 అక్టోబరులో బీబీసీలో వచ్చింది. కథ 2049లో జరుగుతుంది. చంద్రుడి మీద దిగినవాళ్లు గెంతుకుంటూ కాకుండా మామూలుగా నడుస్తుంటారు. ఎందుకంటే చంద్రుడి బరువు 130 కోట్ల టన్నులు పెరిగిందట. చివరికి చంద్రుడు అసలు ఒక గుడ్డు అని, లోపల ఏదో ప్రాణి పెరుగుతోందని తేలుతుంది.

ఆ రోజు పాఠం పక్కన పెట్టి బోర్డు మీద లెక్క వేశాం. చంద్రుడి ద్రవ్యరాశి టన్నుల్లో రాయాలంటే 7 పక్కన 19 సున్నాలు పెట్టాలి, అది కూడా చాలదు, ఇంకొంచెం కలపాలి. చంద్రుడి మీద ఆకర్షణ మన దగ్గర ఉన్నదానిలో ఆరో వంతు. సైజు పెరగకుండా అది భూమి మీద ఉన్నంత కావాలంటే చంద్రుడు ఇప్పుడున్నదానికి ఆరు రెట్లు బరువెక్కాలి. 130 కోట్ల టన్నులు అందులో ఎంత? కావాల్సినదానిలో దాదాపు 28 వేల కోట్ల వంతు. పిల్లలకు ఇంత పెద్ద అంకె పట్టుబడలేదు. అందుకని ఇంకోలా చెప్పాను. 70 కిలోల మనిషి అదే లెక్కన బరువు పెరిగితే గ్రాములో పది లక్షల వంతుకు కాస్త ఎక్కువ పెరుగుతాడు. ఒక ఉప్పు రవ్వ దానికన్నా ఎన్నో రెట్లు బరువుంటుంది. అంత మార్పుకే భూమి మీద సముద్రాలు పొంగి ఊళ్లు మునిగాయని కథలో చెప్పారు.

ఇంతలో వెనక బెంచీలోంచి ఇంకో అమ్మాయి, వాళ్లింట్లో నాటుకోళ్లు పెంచుతారు, "మేడమ్, పొదిగే గుడ్డు బరువు పెరగదు కదా, తగ్గుతుంది కదా" అంది. ఆ మాట నాకు తట్టనే లేదు. నిజమే. ఇరవై ఒక్క రోజులు పొదిగేసరికి గుడ్డులోని నీరు పెంకు రంధ్రాల్లోంచి ఆవిరైపోయి, దాని బరువులో వందకు పన్నెండు, పదమూడు వంతులు తగ్గుతుంది. పిల్ల పెరిగేది గుడ్డులో ముందే ఉన్న సొనతోనే. బయటి నుంచి పదార్థం ఏదీ రాకుండా గుడ్డు బరువెక్కడం కోళ్లగూట్లోనూ జరగదు, ఆకాశంలోనూ జరగదు. ఇక ఆ ఎపిసోడ్ చివర పెంకు పగలగొట్టుకుని బయటికొచ్చిన పిల్లప్రాణి, పుట్టిన కాసేపటికే తను వచ్చినంత పెద్ద గుడ్డు పెట్టి వెళ్లిపోతుంది. ఆ కోళ్లమ్మాయి దీని గురించి నన్ను ఏమీ అడగలేదు, తల అడ్డంగా ఊపింది అంతే.

చంద్రుణ్ని గుడ్డు చేయొద్దని నేను అనడం లేదు. ఆ ఊహ నాకు నచ్చింది. లోకంలో ఎన్నో కథలు గుడ్డు నుంచే పుట్టాయి, మన బ్రహ్మాండం అన్న మాటలోనే అండం ఉంది. నా బాధంతా ఆ 130 కోట్ల టన్నుల దగ్గర. అంకె చెప్పకుండా "బరువు విపరీతంగా పెరిగింది" అని ఊరుకుంటే నేను కూడా నోరెత్తేదాన్ని కాదు. అంకె చెప్పిన క్షణం నుంచి అది లెక్క అయిపోతుంది. లెక్కను పిల్లలు నమ్ముతారు. ఆ అంకె సరిచూడటానికి ఒక మనిషికి పది నిమిషాలు పట్టేది. ఆ పది నిమిషాలు ఎవరూ పెట్టలేదు.

ఊహకు, అజాగ్రత్తకు తేడా మీకు తెలియనిది కాదు. మీలోనే కొందరు దాన్ని ఎంత బాగా చూపించారో చెబుతాను. 'స్టార్ ట్రెక్'లో మనుషుల్ని ఒకచోట కరిగించి ఇంకోచోట నిలబెట్టే యంత్రం ఉంది కదా. క్వాంటం ఫిజిక్స్ ప్రకారం ఒక కణం ఎక్కడుందో, ఎంత వేగంతో కదులుతోందో రెండూ ఒకేసారి కచ్చితంగా తెలుసుకోలేం. హైజెన్‌బర్గ్ చెప్పిన అనిశ్చితి సూత్రం అది. మరి మనిషిలోని అణువులన్నిటి లెక్క ఎలా తీస్తారు? అందుకని ఆ సీరియల్ వాళ్లు యంత్రంలో 'హైజెన్‌బర్గ్ కాంపెన్సేటర్' అనే భాగాన్ని పెట్టారు. అది ఎలా పనిచేస్తుందని టైమ్ పత్రిక వాళ్లు అడిగితే, ఆ సీరియల్ డిజైనర్ మైకేల్ ఒకుడా "బాగానే పనిచేస్తుందండీ, థాంక్స్" అని జవాబిచ్చారు. ఆ జవాబు నాకు చాలా ఇష్టం. ప్రకృతి నియమం ఏమిటో వాళ్లకు తెలుసు, దాన్ని ఎక్కడ దాటుతున్నారో తెలుసు, దాటిన చోట ఒక గుర్తు కూడా పెట్టారు. ప్రతి ఏడాదీ అనిశ్చితి సూత్రం చెప్పేటప్పుడు ఈ సంగతి చెబుతాను. పుస్తకంలో ఉన్నదానికన్నా ఇదే ఎక్కువ కాలం గుర్తుంటుంది.

దీనికి ఎదురుగా 'స్టార్ ట్రెక్' వరుసలోనే వచ్చిన 'వాయేజర్' సీరియల్లో 1995 నాటి ఒక తొలి ఎపిసోడ్ పెట్టండి. కృష్ణబిలం చుట్టూ ఉండే ఈవెంట్ హొరైజన్‌లో చీలిక కనిపెట్టి, అందులోంచి ఓడ బయటపడుతుంది. ఈవెంట్ హొరైజన్ అంటే పెంకు కాదు, గోడ కాదు. దాన్ని దాటి లోపలికి వెళ్తే వెలుతురు కూడా తిరిగి రాలేని హద్దు అది, అంతే. ఊరి పొలిమేరకు బీట పడిందంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది. మా పిల్లల్లో కొందరు ఇప్పటికీ కృష్ణబిలానికి పైన గట్టి పొర ఉంటుందనుకుంటారు. అది మీ దగ్గరే నేర్చుకున్నారని అనను. కానీ ఎవరో ఒకరి దగ్గర నేర్చుకున్నారు.

శూన్యంలో పేలుళ్ల చప్పుడు గురించి ఎక్కువ రాయను. 2002లోనే 'ఫైర్‌ఫ్లై' అంతరిక్షాన్ని నిశ్శబ్దంగా చూపించింది, దానివల్ల ఆ దృశ్యాల్లో భయం పెరిగిందే కానీ తగ్గలేదు. గ్రహశకలాల మధ్య ఓడ మెలికలు తిరుగుతూ తప్పించుకోవడం కూడా అంతే. నిజానికి ఒక పెద్ద శకలానికీ ఇంకోదానికీ మధ్య సగటున లక్షల కిలోమీటర్ల ఖాళీ ఉంటుంది. 1972లో బయల్దేరిన పయొనీర్ 10 మొదలుకుని ఆ దారిన వెళ్లిన ఏ నౌకకూ ఏ రాయీ అడ్డు తగల్లేదు.

దూరాల సంగతి మాత్రం ఒక్క మాట చెప్పాలి. 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 బయల్దేరింది. ఆగస్టు 23న చంద్రుడి మీద దిగింది. నలభై రోజులు. మా పిల్లలు రోజూ ఆ కక్ష్యల బొమ్మలు నోటుబుక్కుల్లో గీసుకున్నారు. "సీరియల్లో గెలాక్సీ దాటడానికి గంట పడుతుంది, మనకు చంద్రుడికే నలభై రోజులా, మన రాకెట్ మంచిది కాదా మేడమ్?" అని ఒక అబ్బాయి దిగులుగా అడిగాడు. తక్కువ ఇంధనంతో, భూమి చుట్టూ కక్ష్య పెంచుకుంటూ ఎందుకు వెళ్లారో వివరించడానికి ఒక పీరియడ్ పట్టింది. చెప్పాక వాడి మొహం వెలిగిపోయింది. అసలు విషయం ఎప్పుడూ కల్పన కన్నా చప్పగా ఉంటుందని మీరు ఎందుకు అనుకుంటారో నాకు అర్థం కాదు.

ఇక ముందు చెప్పింది తర్వాత చెప్పేదానితో అతకకపోవడం, సినిమా వాళ్ల మాటలో కంటిన్యుటీ తప్పడం. ఇందులో మీ మీద నాకు కోపం రాని తప్పులు చాలా ఉన్నాయి. 1966లో 'స్టార్ ట్రెక్' రెండో పైలట్ (నమూనా) ఎపిసోడ్‌లో కెప్టెన్ కర్క్ పేరుతో ఒక సమాధిరాయి కనిపిస్తుంది. దాని మీద జేమ్స్ ఆర్. కర్క్ అని ఉంటుంది. తర్వాత ఆయన ఎప్పటికీ జేమ్స్ టి. కర్క్. అదే ఎపిసోడ్‌లో వేరే గ్రహానికి చెందిన అధికారి స్పాక్ తన పూర్వీకుల్లో ఎవరో మానవ స్త్రీని పెళ్లాడారంటాడు. కొద్ది ఎపిసోడ్లకే ఆ స్త్రీ కన్నతల్లి అయింది. ఇళ్లలో వీసీఆర్‌లు లేని కాలం అది. ఒకసారి ప్రసారమైతే మళ్లీ ఎప్పుడు చూస్తామో తెలియదు, తెర ఆపి రాయి మీద అక్షరాలు చదివేవాళ్లుంటారని ఎవరు ఊహిస్తారు? అప్పుడు కూడా వాళ్లు జాగ్రత్త పడ్డారు. డి ఫారెస్ట్ రిసెర్చ్ అనే సంస్థకు స్క్రిప్టులు పంపి తప్పులు వెతికించేవారు. కథ ఏ శతాబ్దంలో జరుగుతుందో తేలకుండా 'స్టార్‌డేట్' అనే తేదీల పద్ధతి కనిపెట్టి, నాలుగు అంకెలు, ఒక దశాంశం మీకు నచ్చినట్టు వేసుకోండి, ఒక ఎపిసోడ్ లోపల మాత్రం తేడా రానివ్వకండి అని రచయితలకు రాసిచ్చారు. తమ చేతిలో ఎంత ఉందో తెలిసినవాళ్లు పెట్టుకున్న నియమం అది.

'స్టార్ ట్రెక్'లో క్లింగాన్లు అనే గ్రహాంతర జాతి నుదుళ్ల సంగతి కూడా అలాంటిదే. 1960ల్లో వాళ్ల నుదురు మనలాగే నున్నగా ఉండేది, మేకప్‌కు డబ్బు లేదు కాబట్టి. 1979 సినిమా నుంచి గట్లు గట్లుగా మారింది. 1996లో అదే వరుసలోని 'డీప్ స్పేస్ నైన్' వాళ్లు పాత కాలంలోకి వెళ్లే కథ రాసినప్పుడు తప్పించుకోలేని పరిస్థితి వచ్చింది, పాత క్లింగాన్లు, కొత్త క్లింగాన్ ఒకే గదిలో కూర్చోవాలి. అందరూ ఆ కొత్త క్లింగాన్ వర్ఫ్ వైపు చూస్తే, ఆయన ఆ సంగతి మేము బయటివాళ్లతో మాట్లాడం అంటాడు. తప్పు ఉందని ఒప్పుకున్నారు, ప్రేక్షకుడి జ్ఞాపకాన్ని గౌరవించారు. కుటుంబాల్లో కూడా ఇలా మాట్లాడని విషయాలు ఉంటాయి కదా, అందుకే అది నమ్మబుద్ధేసింది.

నాకు నిజంగా బాధ కలిగించేవి వేరే ఉన్నాయి. మీరే ఒక నియమం పెట్టి, దాని మీద మా చేత కన్నీళ్లు పెట్టించి, తర్వాత మీరే దాన్ని మర్చిపోవడం.

'వాయేజర్' కథ ఏమిటి? ఓడ ఇంటికి 70 వేల కాంతి సంవత్సరాల దూరంలో చిక్కుకుపోయింది. తిరిగి రావడానికి 75 ఏళ్లు పడుతుంది. దారిలో తమవాళ్లెవరూ లేరు. మొదటి సీజన్‌లోనే ఓడలో అనుకుంటారు, మన దగ్గర 38 ఫోటాన్ టార్పిడోలే ఉన్నాయి, అయిపోతే మళ్లీ దొరకవు అని. ఆ మాటకు నా గుండె ఝల్లుమంది. జీతం ఇరవయ్యో తారీఖుకే అయిపోయే ఇంట్లో పెరిగినదాన్ని, మిగిలింది ఎంతో లెక్క చూసుకుంటూ బతకడం నాకు తెలుసు. సీరియల్ మొత్తం ఏడు సీజన్లు నడిచింది. ప్రేక్షకులు ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. 38 ఎప్పుడో దాటిపోయింది. కూలిన షటిళ్ల (చిన్న ఓడల) స్థానంలో కొత్త షటిళ్లు వచ్చాయి. నిన్న ముక్కలైన ఓడ ఈ వారానికి కడిగిన ముత్యంలా తయారైంది. టార్పిడోలు తయారు చేసే మార్గం కనిపెట్టామని ఒక్క డైలాగ్ రాసినా సరిపోయేది. అది కూడా రాయలేదంటే ఆ 38 అన్న మాట మాకు ఎంత విలువైనదో మీకు తెలియలేదన్నమాట.

ఇదే కరువును ఇంకొకరు ఎలా రాశారో చూడండి. కొన్నాళ్లు 'వాయేజర్'లో పనిచేసి బయటికొచ్చిన రొనాల్డ్ డి. మూర్ కొత్త 'బాటిల్‌స్టార్ గెలాక్టికా' తీశారు. అందులో మానవజాతి మొత్తం మీద మిగిలింది దాదాపు 50 వేల మంది. ప్రెసిడెంట్ గదిలో ఒక తెల్లబోర్డు మీద ఆ అంకె రాసి ఉంటుంది. ఎవరైనా పోతే తుడిచి తగ్గించి రాస్తారు. సీరియల్లోని మొదటి ఎపిసోడ్ '33'లో ఐదు రోజుల పాటు 33 నిమిషాలకోసారి దాడి జరుగుతూ ఉంటుంది, ఎవరికీ నిద్ర లేదు, అంకె తగ్గుతూనే ఉంటుంది. చివర ఎక్కడో ఒక ఓడలో ఒక బిడ్డ పుట్టిందని కబురొస్తుంది. ప్రెసిడెంట్ లేచి ఆ అంకెను ఒకటి పెంచి రాస్తుంది. మా ఇంట్లో ఆ దృశ్యం వచ్చినప్పుడు ఎవ్వరం మాట్లాడలేదు. కంటిన్యుటీ అంటే చొక్కా బొత్తాలు సరిచూసే పని అనుకునేవారికి ఆ తెల్లబోర్డు చూపించాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. లెక్క తప్పకుండా రాసుకుంటూ వచ్చారు కాబట్టే ఒక్క అంకె పెరిగితే మనసు కరిగింది.

ఇంకొకటి ఉంది, దాన్ని నేను ముప్ఫై ఏళ్లు దాటినా మర్చిపోలేదు. 'స్టార్ ట్రెక్: నెక్స్ట్ జనరేషన్' ఏడో సీజన్, 1993. అన్నాచెల్లెళ్లయిన ఇద్దరు శాస్త్రవేత్తలు వచ్చి, కాంతి కన్నా వేగంగా వెళ్లడానికి మీ ఓడలు వాడే వార్ప్ ఇంజన్ల వల్ల మా గ్రహం చుట్టూ అంతరిక్షమే దెబ్బతింటోంది అంటారు. ఎవరూ వెంటనే నమ్మరు, ఇంకా పరిశోధన కావాలంటారు. ఆమె తన ఓడ ఇంజన్ పేల్చుకుని ప్రాణమిచ్చి ఆ మాట నిరూపిస్తుంది. అప్పుడు ప్రభుత్వం దిగొచ్చి, అత్యవసరమైతే తప్ప వార్ప్ 5 దాటకూడదని వేగపరిమితి పెడుతుంది. మనకు ఇష్టమైన ఆ ప్రయాణమే లోకానికి హాని చేస్తోందా అని కెప్టెన్ పికార్డ్ కుమిలిపోతాడు. ఓజోన్ పొర గురించి, ఫ్రిజ్‌లలో వాడే వాయువుల గురించి అప్పుడే పేపర్లలో చదువుతున్నాం. ఇంతకన్నా ధైర్యమైన కథ ఏముంటుంది అనుకున్నాను.

తర్వాత ఒకటి రెండు ఎపిసోడ్లలో, ఈసారికి వేగపరిమితి దాటడానికి అనుమతి వచ్చిందని అన్నారు. ఆ తర్వాత ఆ మాటే లేదు. ఎవరు బాగుచేశారో, ఎలా బాగుచేశారో తెర మీద ఎవరూ చెప్పలేదు. అడ్డొస్తోంది కాబట్టి వదిలేశారు. ఆ చెల్లెలి చావు ఏమైంది? ఒక సమాధిరాయి మీద అక్షరం తప్పితే నేను నవ్వి ఊరుకోగలను. ఒక మనిషి ప్రాణం పెట్టి నిరూపించిన విషయాన్ని కథ వదిలేస్తే, ఆ మనిషి ఊరికే పోయినట్టే కదా. వాతావరణం గురించి శాస్త్రవేత్తలు చెప్పే మాటల్ని లోకం ఎలా విని మర్చిపోతోందో, మీరూ అచ్చం అలాగే మర్చిపోయారు.

ఇవన్నీ చేతకాక జరిగినవని నేను అనుకోను. వారానికో ఎపిసోడ్, ఏడాదికి ఇరవై ఆరు, ఒక్కోటి ఒక్కో రచయిత, నెత్తిన డెడ్‌లైన్ టెన్షన్. అందుకే గుర్తుపెట్టుకోవడాన్ని ఒక మనిషికి ఉద్యోగంగా ఇవ్వండి అంటున్నాను. మన తెలుగు ఇండస్ట్రీలో కంటిన్యుటీ సాధారణంగా కొత్తగా చేరిన అసిస్టెంట్ డైరెక్టర్ నెత్తిన పడుతుంది. తప్పు కనిపెట్టినా డైరెక్టర్‌తో చెప్పడానికి అతనికి నోరు పెగలదు. కనిపెట్టినవాడి మాట చెల్లినప్పుడే ఆ ఉద్యోగానికి అర్థం. నరేన్ శంకర్ అనే ఆయన కార్నెల్ విశ్వవిద్యాలయంలో అప్లైడ్ ఫిజిక్స్‌లో డాక్టరేట్ చేసి, 'స్టార్ ట్రెక్'కు సైన్స్ సలహాదారుగా చేరి, రచయిత అయ్యి, తర్వాత 'ది ఎక్స్‌పాన్స్'ను నడిపించారు. సైన్స్ తెలిసిన మనిషి రచయితల గదిలో, కథ పుట్టేచోటే కూర్చుంటే ఏమవుతుందో ఆ సీరియల్‌లో కనిపిస్తుంది. ఓడల్లో అంతస్తులు మేడలా ఒకదాని మీద ఒకటి ఉంటాయి, ఇంజన్ కింద ఉంటుంది, అది తోస్తుంటేనే కాళ్లకు నేల తగులుతుంది. తిరుగుతున్న సెరిస్ శకలం లోపల గ్లాసులోకి మందు పోస్తే ధార వంకరగా పడుతుంది. కోరియాలిస్ ప్రభావం చెప్పడానికి నేను ఆ ఒక్క దృశ్యమే వాడతాను.

వాళ్లకూ పొరపాటు జరిగింది. సెరిస్‌ను అంత వేగంగా తిప్పితే దాని సొంత ఆకర్షణ కన్నా పదిరెట్ల బలంతో రాయి బయటికి తోసుకుపోతుంది, శకలం నిలవదు, విడిపోతుంది. మా క్లాసులో ఆ లెక్క కూడా వేశాం. అయినా ఆ సీరియల్ మీద ఒక్క పిల్లకీ గౌరవం తగ్గలేదు. అంత శ్రద్ధ పెట్టినవాళ్లు ఎక్కడో జారితే ఇంటివాళ్లు జారినట్టే ఉంటుంది.

అమెరికాలో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్లు 2008 నుంచి సినిమా, టీవీ వాళ్లకు శాస్త్రవేత్తలను పరిచయం చేయడానికే ఒక కార్యక్రమం నడుపుతున్నారు. అడిగితే చెప్పేవాళ్లు ఉన్నారు. అడగండి.

తెలుగు డబ్బింగ్ చేసేవారికి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే మా పిల్లల్లో చాలామంది చూసేది మీ మాటల్లోనే. ఈ మధ్య ఒక సీరియల్ తెలుగులో చూశాను, పేరు రాయను. ఒక నక్షత్రం నాలుగు కాంతి సంవత్సరాల దూరంలో ఉందనాల్సిన చోట "నాలుగేళ్ల ప్రయాణం" అన్నారు. ఆ మాట అన్న పాత్ర శాస్త్రవేత్త. కాంతి సంవత్సరం దూరం, కాలం కాదు. సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు వెళ్లే వెలుతురు ఏడాదిలో దాటే దూరం, దాదాపు 9 లక్షల 46 వేల కోట్ల కిలోమీటర్లు. ఇంకోచోట బిలియన్‌ను కోటి చేశారు. బిలియన్ అంటే వంద కోట్లు. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లయితే మీ లెక్కలో అది 14 కోట్లు కూడా కాలేదు, మన రాక్షసబల్లులు విశ్వం కన్నా ముందే పుట్టాయన్నమాట. గ్రహశకలం, ఉల్క, తోకచుక్క ఈ మూడింటినీ ఒకే సీన్‌లో ఒకదాని బదులు ఇంకొకటి వాడారు. మూల రచయిత జాగ్రత్తగా రాసింది కూడా మన భాషకొచ్చేసరికి తప్పయితే, తెలుగులో చదువుకున్న పిల్లకు ఇంగ్లిష్ పిల్ల కన్నా తక్కువ సైన్స్ అందినట్టు. పెదాల కదలికకు మాట కుదరాలన్న మీ కష్టం నాకు తెలుసు. కానీ మీరు పనిచేసే హైదరాబాద్‌లోనే ఉస్మానియాలో ఆస్ట్రానమీ డిపార్ట్‌మెంట్ ఉంది, నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటోరియం ఉంది. ఒక్క ఫోన్ కాల్. ఎవరూ దొరక్కపోతే ఏ ఊరి ఫిజిక్స్ టీచర్ అయినా సంతోషంగా చూసిపెడతారు. నేను చూసిపెడతాను, రూపాయి తీసుకోను.

చివరగా ఓటీటీ సంస్థలకు ఒక్క విన్నపం. పాత తప్పుల్ని చెప్పకుండా దిద్దకండి.

ఇప్పుడు ఎపిసోడ్లు మీ సర్వర్లలోనే ఉంటాయి కాబట్టి అది తేలికైపోయింది. 2020లో 'ది మాండలోరియన్' ఎపిసోడ్‌లో జీన్స్ వేసుకున్న యూనిట్ మనిషి ఒక మూల కనిపించాడు, కొద్దిరోజులకే మాయమయ్యాడు. ఆ ఒక్కటి పోయినందుకు నాకు బాధ లేదు. కానీ ఈ దారి ఎటు పోతుందో చూడండి. 'స్ట్రేంజర్ థింగ్స్' రెండో సీజన్‌లో, 2017లో, విల్ అనే పిల్లవాడిని ఏదో శక్తి పూర్తిగా ఆవహించి ఉంటుంది. వాళ్లమ్మ జాయిస్ ఎదురుగా కూర్చుని, లోపలెక్కడో ఉన్న తన కొడుక్కి వినపడాలని, మార్చి 22, నీ పుట్టినరోజు అని మొదలుపెడుతుంది. క్రేయాన్ల పెద్ద డబ్బా కొనిచ్చిన సంగతి, వాడు దాంతో ఓడ బొమ్మ గీసిన సంగతి చెబుతుంది. 2022లో వచ్చిన నాలుగో సీజన్‌లో 1986 మార్చి 22 వస్తుంది, పోతుంది. వాడి పుట్టినరోజని ఎవరికీ గుర్తుండదు. తల్లికీ, స్నేహితులకీ, ఎవ్వరికీ. కారణం, రాసినవాళ్లే మర్చిపోయారు. ఆ సీరియల్ సృష్టికర్తలు డఫర్ సోదరులు ఆ మాట దాచకుండా ఒప్పుకున్నారు, అందుకు వాళ్లంటే నాకు గౌరవం. అయితే పాత ఎపిసోడ్‌లో మార్చిని మే అని మార్చేద్దామా, నటి పెదాల కదలికకు అది కూడా సరిపోతుంది అని ఆలోచించినట్టు కూడా చెప్పారు.

అలా చేయకండి. ఆ మాట నటి వినోనా రైడర్ ఏడుపు గొంతుతో చెప్పిన మాట. లక్షల ఇళ్లలో తల్లులు కొంగుతో కళ్లు తుడుచుకుంటూ విన్న మాట. దాని మీద ఇంకో అక్షరం అతికిస్తే మా జ్ఞాపకం తప్పని మాకే చెప్పినట్టవుతుంది. దిద్దాలనిపిస్తే పక్కన ఒక గమనిక పెట్టండి, పాత ప్రతిని కూడా ఉంచండి. అంతకన్నా మంచిది, ఆ మర్చిపోవడాన్నే కథలోకి తీసుకోండి. పుట్టినరోజున ఎవరూ పలకరించని పిల్లలు నిజంగా ఉంటారు. అలాంటివాళ్లు మా క్లాసులో ఏటా ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు, అడ్మిషన్ రిజిస్టర్‌లో తేదీ చూసి నేనే ఒక చాక్లెట్ ఇస్తుంటాను. విల్ ఆ రోజంతా ఎందుకు అంత ముభావంగా ఉన్నాడో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

జాయిస్‌ను మార్చి 22 అనే చెప్పనివ్వండి.

ఇట్లు,
ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే ఒక అధ్యాపకురాలు